నూటొక్క చింతపిక్కలు

గురప్ప గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. పైపులు వేసే మేస్త్రీ బతుకు ఎవరికి కావాలి? వాడిన నీళ్లు గోడ దాటాక ఎటు పోతాయో పట్టించుకునే వాళ్లమా మనం? కంటికి కనబడకపోతే చాలు, అదే మనకు శుభ్రం. ముప్పై ఏళ్లు మునిసిపాలిటీలో చేసి నేను నేర్చుకున్న పాఠం ఇంతే.

ఊరి పేరు రాయను. తిరుపతిలో బస్సెక్కితే గంటలోపు వచ్చే ఊరు, కొండకు వచ్చే యాత్రికుల పుణ్యాన సత్రాలూ హోటళ్లూ పెరిగిన ఊరు అనుకోండి. పేరు రాస్తే ఇంకా బతికున్న పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు భుజాలు తడుముకుంటారు. ఆ ముగ్గురిలో నేనూ ఒకణ్ణి.

1974లో ఆ ఊళ్లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరిన కొత్తలో, ఒక సత్రం వెనక గురప్పను మొదటిసారి చూశాను. పంచె ఎగగట్టి, తవ్విన కాలువలో దాదాపు బోర్లా పడుకుని, పైపు మూతి దగ్గర చెయ్యి పట్టి ఏదో లెక్కపెడుతున్నాడు. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది అని వినిపించింది. ఎగువన ఒక కూలీ ఖాళీ బిందె పట్టుకుని నిలబడి ఉన్నాడు. నూటొక్కటి కాగానే గురప్ప లేచాడు. చేతిలోని చింతపిక్కలు కడిగి, గుడ్డసంచిలో పోసి, మొలకు కట్టుకున్నాడు.

"ఏంది మేస్త్రీ, పిక్కలాట ఆడతా ఉండావా?" అన్నాను. కొత్త ఉద్యోగం, నోటికి దురద ఎక్కువ.

"ఆట గాదు సార్. లైను సరింగా ఉండాదా లేదా సూస్తాండా."

"నీళ్లు పోస్తే తెలీదా? దానికి పిక్కలెందుకు?"

అతను నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు. "నీళ్లకేమి సార్, అవి యాడైనా దూరిపోతాయి. నీళ్లెంబడి బరువు గూడా కదలాల. అదీ వాటమంటే. వాటం, అదే పైపు వాలు, తక్కువైతే నీళ్లు మెల్లగా నడస్తాయి, బరువు మద్దెలో కూలబడతాది. సరే అని మరీ ఎక్కువ పెడితిమా, నీళ్లు ఉరుకుతాయి, బరువు ఎనకబడతాది. పెండ్లి బస్సుకు వయసోళ్లంతా ఉరికెక్కి, ముసిలోళ్లను రోడ్డు మింద ఇడిసిపెట్టి పోయినట్టు."

చింతపిక్క నీళ్లలో మునుగుతుంది. పైపు అడుగునే దొర్లుతుంది. అందుకే అతను పిక్కలు ఎంచుకున్నాడు. పై చాంబరులో నూటొక్క పిక్కలు వేసి, బిందెడు నీళ్లు పోసి, కింద ఎన్ని వచ్చాయో లెక్కపెడతాడు. అన్నీ వస్తేనే మట్టి కప్పుతాడు. ఒక్కటి తగ్గినా పైపులు విప్పుతాడు. పది బిందెలు పోస్తే అన్నీ వస్తాయి కదా అన్నాను. "పది బిందెలు పోస్తే ఏనుగైనా వస్తాది సార్. ఇంట్లో మనిషి పోసేది సెంబుడు" అన్నాడు. నూరు మీద ఆ ఒక్కటి ఎందుకని అడిగితే, "నూరు మనవి, ఒగటి సామిది. సామిది గూడా మద్దెలో ఆగకూడదు" అన్నాడు.

తర్వాత ఇంజనీరింగు పుస్తకం తిరగేస్తే అందులో ఉన్నదీ ఇదే. నీళ్లు సెకనుకు రెండడుగుల వేగంతో పోతే తప్ప మురుగు అడుగున పేరుకోకుండా ఉండదట. పుస్తకం చదివిన మా ఇంజనీరుకు ఆ లెక్క పరీక్ష రాసిన మర్నాడే మరుపున పడింది. బడి మొహం చూడని గురప్పకు మొలకు కట్టుకుని తిరిగేంత గుర్తు.

అతనిది వడమాలపేట పక్క పల్లె. వాళ్ల నాయన నీరుగంటి, అంటే చెరువు నీళ్లు ఏ మడికి ఎంతసేపు పారాలో చూసి వదిలేవాడు. కాలువలో నీళ్లు ఎక్కడ నిదానిస్తాయో, ఎక్కడ ఒండ్రు వేస్తాయో ఆ తండ్రి వెంట నడిచి తెలుసుకున్నాడు గురప్ప. వరసగా వానల్లేక చెరువు నెర్రెలిచ్చాక తిరుపతికి వచ్చి సత్రాల కట్టుబడిలో మట్టి మోశాడు. ఒక అరవ మేస్త్రీ దగ్గర పైపు పని పట్టాడు. ఆ మేస్త్రీ పైపుల అతుకు నేర్పాడు, పిక్కల పరీక్ష మాత్రం గురప్ప సొంతం. ఇంట్లో చింతపండు పిసికినప్పుడల్లా గట్టి పిక్కలు ఏరి ఎండబెట్టి పెట్టేది భార్య నాగులమ్మ.

నాగులమ్మ తమ్ముడు గోవిందయ్యది మా మునిసిపాలిటీలోనే పని. లైను పూడుకుపోతే వెదురు బద్దలు తోసి కదిలించాలి. బద్దలకు లొంగకపోతే మ్యాన్‌హోల్లో దిగి చేత్తో తియ్యాలి. ఆ పనికి ఆఫీసు కాగితాల్లో ఏదో గౌరవంగా ఉండే పేరు ఉంది. ఊళ్లో ఉన్న పేరు నేను రాయను.

బావా బామ్మర్దులు పక్కపక్క ఇళ్లలో ఉండేవాళ్లు. ఒకసారి పని చెప్పడానికి వెళ్తే ఇద్దరూ సంగటి ముద్దల ముందు కూర్చుని ఉన్నారు.

"మా బావ ఊరంతా లైన్లేస్తే నా నోట్లో మన్ను పడతాది సార్. ఈయనేసిన దాంట్లో యాడా అడ్డం పడదు. నాకింక పనేముంటాది?" అన్నాడు గోవిందయ్య.

"నీ నోట్లో పడేది మన్నైతే మేలే గదరా. ఇప్పుడు పడతా ఉండేదేంది?" అన్నాడు గురప్ప.

"థూ, కూటి కాడ ఏం మాటలవి!" అని నాగులమ్మ ఇద్దరినీ తిట్టింది. ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక గురప్ప నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "నేనేసిన లైన్లో మనిషి దిగే పని రాకూడదు సార్. దిగేది మావోడే గదా." అతని బతుక్కి ఉన్న పట్టుదల ఆ ఒక్కటే. దాన్ని విరిచిన వాణ్ణి నేను.

1976లో పాత సత్రం వీధికి మురుగు లైను మంజూరైంది. కాంట్రాక్టరు గురప్పను పెట్టుకున్నాడు. పని మూడు వంతులు అయ్యాక భూమిలో బండ తగిలింది. మామూలు రాయి కాదు, కొండకు సంబంధం ఉన్న బండ. దాన్ని తొలిచి పైపు కిందికి దించాలంటే ఉలి పనికే ఇరవై రోజులు. ఇళ్ల మధ్య మందు పెట్టి పేల్చడానికి లేదు. అప్పటికే ప్రారంభోత్సవానికి మంత్రిగారు తారీకు ఇచ్చేశారు. ఇంక తొమ్మిది రోజులే ఉంది.

కాంట్రాక్టరు ఉపాయం చెప్పాడు. బండను కొట్టొద్దు, పైపును బండ మీదుగా తీసుకుపొమ్మన్నాడు. అంటే బండకు ఎగువన నలభై అడుగులు వాటమే లేకుండా పైపు సమంగా పడుకుంటుంది. బండ దాటాక నిలువునా దిగిపోతుంది. గురప్ప పార కింద పెట్టేశాడు.

"నా చేత్తో ఏయను సార్."

ఇంజనీరు వచ్చి కసిరాడు. కూలీలే పైపులు పరిచారు. కప్పే ముందు గురప్ప సంచి విప్పి నూటొక్క పిక్కలు వేసి బిందెడు నీళ్లు పోశాడు. కింద ముప్పై ఏడు వచ్చాయి. ఇంకో బిందె పోశాడు, రెండు వచ్చాయి. అరవై రెండు లోపలే ఉండిపోయాయి. ఇంజనీరు గడియారం చూసుకుంటూ, "చింతపిక్కలకు సర్టిఫికెట్ ఇవ్వాలా మనం?" అని నవ్వాడు. కాంట్రాక్టరు నవ్వాడు. వాళ్లు నవ్వారు కదా అని నేనూ నవ్వాను.

మంచి మేస్త్రీ అతుకులు పూర్తి చేయకపోతే నీళ్లు ఉబికి మంత్రిగారి ముందు పరువు పోతుంది. అందుకని గురప్పను ఒప్పించే పని నా మీద పడింది. సాయంత్రం టీ అంగడి దగ్గర పట్టుకున్నాను.

"గురప్పా, ఈ పండగ గడవనీ. పది దినాల్లో ఆ నలభై అడుగులూ తీయించి, బండ కొట్టించి, నీతోనే మళ్లీ వేయిస్తా. నా మాట నమ్ము."

"మాటేనా సార్?"

"మాటే."

నేను అంతవరకు అతనితో అబద్ధం చెప్పలేదు. అందుకే నమ్మాడు. మర్నాడు అతుకులు బిగించి, మట్టి కప్పాడు. నేను రికార్డులో ఒకే ఒక్క మాట రాశాను. సంతృప్తికరం.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి, పై మ్యాన్‌హోల్లో పసుపునీళ్లూ బుట్టెడు చామంతులూ పోశారు. ట్యాంకరు నీళ్లు వదిలారు. కింద మ్యాన్‌హోల్లో చామంతులు తేలుకుంటూ వచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు. గురప్ప నా వెనకాలే నిలబడి, "పూలు తేల్తాయి సార్" అన్నాడు. నేను చప్పట్లు కొడుతూనే ఉన్నాను.

పది దినాలు గడిచాయి, నెల గడిచింది. గురప్ప ఆఫీసుకు రెండుసార్లు వచ్చాడు. బిల్లు పాసైంది, పని ముగిసినట్టు కాగితం నడిచింది. ఇప్పుడు ఆ నలభై అడుగులు తవ్వమంటే, నేను రాసిన సంతృప్తికరం అబద్ధమని నేనే ఒప్పుకోవాలి. ఉద్యోగం కొత్త, పెళ్లి కుదిరిన సమయం. "సూద్దాంలే గురప్పా" అన్నాను. చూద్దాం అనే మాటకు గవర్నమెంటు ఆఫీసులో ఏమి అర్థమో అతనికి అప్పటికి తెలియదు.

మూడో నెలలో లైను పూడుకుంది. ఒక కౌన్సిలరు ఇంట్లోకి మురుగు ఎగదన్నింది. ఆ రోజు ఆయన ఇంట్లో కూతురికి ఒళ్లోబియ్యం పోసే వేడుక. పొద్దున తొమ్మిదికే నన్ను పిలిపించి కేకలు వేశాడు. గోవిందయ్య వచ్చి బద్దలు తోశాడు. కదల్లేదు. ఎక్కడ ఆగిందో చూపించడానికి గురప్ప కూడా వచ్చాడు.

మూత తీశాక కాసేపు లోపలి చెడు గాలి పోనివ్వాలి. కాగితం వెలిగించి వదిలి, మంట నిలుస్తుందా ఆరుతుందా చూడాలి. గోవిందయ్య అగ్గిపెట్టె తీశాడు. వీధి చివర కౌన్సిలరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "అదంతా తర్వాత, ముందు దిగు" అన్నాను. నేనే అన్నాను. దిగాడు.

నడుములోతు మురుగులో వంగి, చెయ్యి పైపులోకి పెట్టి తోడాడు. రెండు బకెట్లు పైకి పంపాడు. తర్వాత లోపలినుంచి నవ్వు వినిపించింది.

"బావా! నీ పిక్కలన్నీ ఈడే ఉండాయి బావా! ఒగటీ యాడికీ పోలే!"

గురప్ప కూడా నవ్వబోయాడు. కింద నుంచి ఇంకేమీ వినబడలేదు. పేరు పెట్టి పిలిచాడు. పలుకు లేదు. గురప్ప దిగబోతుంటే నలుగురు పట్టుకున్నారు. తాళ్లూ కొక్కీలూ తెచ్చి పైకి తీసేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా గురప్ప పెట్టిన కేకలు నాకు ఇప్పటికీ మతికొస్తాయి. కౌన్సిలరు ఇంట్లో భోజనాలు ఆలస్యమయ్యాయని తర్వాత ఎవరో చెప్పారు.

విచారణ జరిగింది. రిపోర్టు నేనే రాశాను. మద్యం సేవించి దిగినందువల్ల మరణం సంభవించిందని రాశాను. గోవిందయ్య తాగిన మాట నిజమే. తాగకుండా ఆ గుంతలో దిగగల మొనగాడు ఉంటే చూపించండి, నేను ఆయన కాళ్లకు మొక్కుతాను. లైను ఎందుకు పూడిందంటే, మేస్త్రీ పనితనం లోపమని రాశాను. ఇంజనీరు తలూపి సంతకం పెట్టాడు. తర్వాత ఆయనకు మంచి ఊరికి బదిలీ అయింది, కాంట్రాక్టరుకు ఇంకా పెద్ద పని దొరికింది. మునిసిపాలిటీ పనుల్లోకి గురప్పను ఎవరూ పిలవకూడదని నోటిమాటగా తేల్చారు. ఒక్క మనిషికైనా శిక్ష పడితేనే కదా విచారణకు అందం!

అన్నిటికంటే పెద్ద శిక్ష గురప్పకు ఇంట్లో పడింది. గోవిందయ్య పోయిన పదకొండో రోజు అది. ఆ రోజు నేను మొహం చూపించక తప్పదని వెళ్లాను. గురప్ప గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నాగులమ్మ నన్ను చూసి కూడా అతనితోనే మాట్లాడింది.

"కాంట్రాక్టరు కప్పలే. ఈ సారు కప్పలే. నీ చేత్తో నువ్వు కప్పినావు మట్టి."

అతను తల ఎత్తలేదు. ఆ మాట తప్పని చెప్పవలసిన వాణ్ణి నేను. నా మాట నమ్మి కప్పాడమ్మా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. చెప్పులు వేసుకుని వచ్చేశాను. తర్వాత ఆమె చింతపండు పిసికినప్పుడు పిక్కలు దాచడం మానేసిందట. ఏరి ఏరి ఇంటి కప్పు మీదికి విసిరేదట. కొన్నాళ్లకు వాళ్లు ఊరొదిలి వడమాలపేట వైపు వెళ్లిపోయారు. అక్కడ బావులకు గట్లు కట్టే కూలికి పోయేవాడని విన్నాను.

మునిసిపాలిటీకి దయ లేదనుకోకండి. గోవిందయ్య కొడుకు మునెయ్యకు పద్దెనిమిది నిండగానే తండ్రి ఉద్యోగం ఇచ్చింది. అవును, అదే ఉద్యోగం. అదే వీధి, అదే మూత. నెలకు రెండుసార్లు దిగేవాడు.

1985లో నేను ఇల్లు కట్టాను. అప్పటికి ఓవర్సీరునయ్యాను. స్థలం కొన్నది పాత సత్రం వీధిలో. కంపు కొట్టే వీధి కాబట్టే నాబోటివాడికి అందింది. ఊరి లైను ఎలా పోయినా నా ఇంటి లైను మాత్రం సరిగా ఉండాలి కదా! అందుకని సిగ్గు విడిచి గురప్పను వెతుక్కుంటూ వెళ్లాను.

తల పూర్తిగా నెరిసింది. నన్ను చూసి మంచం వాల్చాడు, తను నిలబడే ఉన్నాడు. వచ్చిన పని చెప్పాను. లోపల నాగులమ్మ గిన్నెలు గట్టిగా పెడుతున్న చప్పుడు వినిపించింది.

"వస్తా సార్. ఒగటే మాట. మీ ఇంటి నీళ్లు పోయి పడేది ఆ లైన్లోకే. ఆ నలభై అడుగులూ తవ్వించి, బండ కొట్టించి, మళ్లా ఏపించండి. మా మునెయ్య దిగతా ఉండాడు దాంట్లో."

"అట్నే గురప్పా. ఈసారి ఖాయంగా."

"మాటేనా సార్?"

అదే ప్రశ్న. తొమ్మిదేళ్ల తర్వాత, అదే గొంతు. "మాటే" అన్నాను.

పన్నెండు రోజులు పనిచేశాడు. అంత శ్రద్ధగా పైపులు పరవడం నేను మళ్లీ చూడలేదు. ప్రతి అతుకునూ రసమట్టం పెట్టి చూశాడు, దారం లాగి చూశాడు, వేలితో తడిమి చూశాడు. చివరి రోజు మొల నుంచి సంచి తీశాడు. పిక్కలు కొత్తవి. నాగులమ్మ ఇవ్వలేదు, తనే ఏరుకున్నాడని తర్వాత తెలిసింది. నూటొక్కటి వేసి బిందెడు నీళ్లు పోశాడు. గేటు దగ్గరి చాంబరులో నూటొక్కటీ వచ్చి పడ్డాయి. సంతోషం పట్టలేక అతని భుజం తట్టాను.

అతను పిక్కలు ఏరుకోలేదు. చాంబరులోనే వదిలి లేచాడు. అక్కడి నుంచి వీధి లైనుకు కలపాల్సిన ఆఖరి పైపు బయట గోడకు ఆనించి ఉంది.

"అది బిగించవా?"

"బిగించను సార్. ఆ నలభై అడుగులు తీసి ఏసిన దినం కబురు పంపండి. నడిసైనా వచ్చి బిగిస్తా." పార కడిగి భుజాన వేసుకున్నాడు. "ఒగసారి మాట నమ్మి మట్టి కప్పితి. ఇంగ కప్పను."

కూలి తీసుకోకుండా వెళ్లిపోయాడు. గృహప్రవేశం ఆ గురువారమే. పత్రికలు పంచేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే మీకు నా మీద కాస్త జాలి కలుగుతుంది. కానీ బాగానే పట్టింది. పొద్దున్నే ఇంకో మేస్త్రీని పిలిపించాను. అరగంటలో ఆఖరి పైపు బిగించి పోయాడు.

రెండు వందల విస్తళ్లు లేచాయి. నాలుగో రోజు వీధి లైను పూడుకుంది. నా కొత్త స్నానాలగదిలోకి మురుగు ఎగదన్నింది. ఆఫీసుకు కబురు పంపితే మునెయ్య వచ్చాడు. మూత తీసి, కాగితం వెలిగించి వదిలాడు. మంట నిలిచే దాకా కదల్లేదు. ఎవరి తొందరా వినకూడదని వాడికి ఎవరు నేర్పారో నేను అడగలేదు. తాడు నడుముకు బిగించుకుని దిగాడు.

కొంతసేపటికి పైకొచ్చి, బకెట్టులోంచి గుప్పెడు గుప్పెడు తీసి కుళాయి దగ్గర కడిగి, నా ఇంటి అరుగు మీద పోశాడు. చింతపిక్కలు.

"మా మామవి సార్ ఇవి. మీ ఇంటి నుంచి వచ్చినాయి. ఇంగా కొన్ని లోపలుండాయి" అన్నాడు.

చాల్లే, ఇంక దిగొద్దు, రేపే తవ్విస్తానని అనాల్సిన చోటు అదే. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. లోపల చుట్టాలు ఉన్నారు, ఎవరికీ స్నానాలు కాలేదు. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఎంతసేపని అడుగుతోంది. నేను మునెయ్యకు దారి వదిలి పక్కకు జరిగాను. వాడు మళ్లీ దిగాడు.

గంటలో మురుగు దిగింది. చుట్టాలందరూ స్నానాలు చేశారు. మునెయ్య మిగిలిన పిక్కలు కూడా కడిగి అరుగు మీద పెట్టి వెళ్లాడు. అందరూ భోజనాలకు కూర్చున్నాక నేను ఒక్కణ్ణే బయటికొచ్చి లెక్కపెట్టాను. నూటొక్కటీ ఉన్నాయి. నీళ్లు మోయాల్సిన బరువును మనిషి మోసుకొచ్చాడు.

గురప్పకు నేను కబురు పంపలేదు. ఆ నలభై అడుగులు ఇంకా అలాగే ఉన్నాయి.